ఇది నా చెయ్యి కాదు

మా ఇల్లు నరసాపురానికి దగ్గర పల్లెలో ఉంది. ఈ ప్రాంతములో లేసు అల్లని ఇల్లు ఒకప్పుడు అరుదు. 19వ శతాబ్దములో మిషనరీలు ఇక్కడి స్త్రీలకు ఈ పని నేర్పారు. ఒక సూది, ఒక దారపు ఉండ చాలు; పొయ్యి దగ్గర కూర్చుని అయినా, అరుగు మీద అయినా అల్లుకోవచ్చు. కూలికి పోలేని ఇల్లాండ్రకు, విధవరాండ్రకు ఎన్నో ఏండ్లు ఇదే ఆధారమైనది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మ, అనగా మా పిల్లల మామ్మ, ఎనిమిదేండ్ల వయసులో తన తల్లి ప్రక్కన కూర్చుని ఈ పని నేర్చుకొన్నది.

క్రిందటి చలికాలములో అమ్మకు ఒక కంటికి శుక్లముల ఆపరేషను చేయించాము. ఆ కన్ను బాగుపడినది. రెండవ కంటి చూపు మాత్రము ఇక తిరిగి రాదని డాక్టరుగారు చెప్పారు. ఆనాటి నుండి అమ్మ సూది ముట్టలేదు. చేతులు ఒడిలో పెట్టుకొని వీధి వైపు చూస్తూ కూర్చునేది. భోజనానికి పిలిస్తే వచ్చేది, అడిగితే మాట్లాడేది. అంతే.

వేసవి సెలవులు ఇచ్చిన రోజు మా పెద్దపాప, పండ్రెండేండ్ల పిల్ల, ఊరకే అడిగింది: "మామ్మా, నువ్వు అల్లినది ఒక్కటి చూపించవా?"

అమ్మ కాసేపు ఆలోచించి, "ఏదీ లేదమ్మలూ. అన్నీ ఏజెంటు పట్టుకుపోయేవాడు గదా" అన్నది.

మేము బీరువా అంతా వెదికాము. నిజమే, ఒక్క ముక్క కూడా లేదు. మా చదువుల ఫీజులు, చెల్లెలి పెళ్ళి ఖర్చు, ఇంటి పైకప్పు ఆ లేసు డబ్బులతోనే గడిచాయి. కాని ఆమె చేతి పని గుర్తుగా ఇంట్లో ఏమీ మిగలలేదు. పైగా ఆమె ఇంకొక మాట చెప్పినది. ఈ పనిలో విడివిడిగా పువ్వులు అల్లడము చేతిపని, వాటిని జతచేయడము అతుకుపని. చేతిపనివారు ఒకరు, అతుకుపనివారు ఇంకొకరు. అమ్మ యాభై ఏండ్లు పువ్వులు అల్లినది గాని, ఆ పువ్వులన్నీ కలిసి ఒక దుప్పటి అయినప్పుడు ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదట!

మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు నరసాపురం లేసు స్త్రీల గూర్చి వ్రాసిన పుస్తకము 1982లో వెలువడినది. గంటల తరబడి కష్టపడే ఈ స్త్రీలను లోకము "ఇంట్లో ఖాళీగా కూర్చునేవారు" అనుకొన్నదని ఆమె అందులో చూపించినది. ఆ మాట పుస్తకములో ఎవరి గూర్చియో కాదు, మా ఇంటి గూర్చియే. చిన్నతనములో స్కూలులో అడిగితే "మా అమ్మ ఏ పనీ చేయదు" అని మేమూ చెప్పియున్నాము.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒక తీర్మానము చేసుకొన్నాము. సెలవులలో ఆదివారములు తప్ప దినమునకు ఒక చదరపు పువ్వు అల్లాలి. నలభై దినములకు నలభై పువ్వులు. ఎవరి వంతు వచ్చిన రోజు వారే అల్లాలి. పిల్లలైనా, ఇంటి యజమానియైనా తప్పించుకోరాదు. ఒకరి పని ఇంకొకరు విప్పరాదు. అల్లిన ప్రతి పువ్వుకు తేదీ వ్రాసిన కాగితము కట్టి బిస్కెట్ల డబ్బాలో వేయాలి. చివరకు అన్నీ అతికి బల్ల మీదికి గుడ్డ చేయాలి. అది అమ్మే పద్దు కాదు, మన ఇంట్లోనే ఉండాలి.

"నాకు కళ్ళు కనపడవు, మీరు అల్లుకోండి" అన్నది అమ్మ. "మాకు చేత కాదు, నువ్వు నేర్పాలి" అన్నాము. తప్పనిసరియై ఒప్పుకొన్నది.

పని చూడడానికి సులువే. ఆరు గొలుసు కుట్లు వేసి గుండ్రముగా కలపాలి. అందులో మూడేసి నిలువు కుట్ల గుత్తులు నాలుగు వేయాలి. గుత్తికి గుత్తికి మధ్య మూల కోసము గొలుసు వదలాలి. రెండవ వరుసకు గుత్తులు ఎనిమిది, మూడవదానికి పన్నెండు, నాలుగవదానికి పదహారు. అంతటితో దారము త్రెంపవచ్చు. లావు దారముతో అల్లితే సుమారు నాలుగు అంగుళముల పువ్వు వస్తుంది.

మొదటి రోజు పెద్దపాప వంతు. మూలలలో గొలుసు వేయడము మరచిపోయింది. పువ్వు పరచుకోకుండా ముడుచుకొని ఆకు దొన్నెలాగు నిలబడినది! ఇల్లంతా నవ్వాము. మూడవ రోజు ఇంటి యజమాని వంతు. నాగలి పట్టిన వ్రేళ్ళకు సూది నిలవలేదు. రెండు గంటలు పట్టినది. "మా అమ్మ ఇన్నాళ్ళు చేసినది ఇంత కష్టమా!" అని ఆయన అన్న మాట మాకందరికీ గుర్తుంది. ఎనిమిదేండ్ల చిన్నవాడు మాత్రము వారములో మమ్మల్ని మించిపోయాడు.

పదునాలుగవ రోజు అమ్మ వంతు. అంతవరకు నేర్పుటయే గాని తాను అల్లలేదు. ఆ రోజు తనకు తానే సూది తీసుకొని మధ్యాహ్నమంతా కూర్చుని ఒక పువ్వు అల్లి డబ్బాలో వేసినది. రాత్రి తీసి చూస్తే మూడవ వరుసలో ఒక మూల తప్పిపోయినది, ఒక ప్రక్క ముడుచుకొని ఉన్నది. మేమిద్దరము ఆలోచించుకొన్నాము. యాభై ఏండ్లు ఈ పనిలో పేరు పొందిన మనిషి తన తప్పు తెలిసికొంటే మనసు నొచ్చుకొంటుందేమో అనుకొన్నాము. ఆమె నిద్రపోయాక ఆ పువ్వును విప్పి, అదే దారముతో మళ్ళీ సరిగా అల్లి, అదే కాగితము కట్టి పెట్టాము. మంచే చేశామనుకొన్నాము.

తెల్లవారి అమ్మ డబ్బా తీసి ఆ పువ్వును వ్రేళ్ళతో తడిమినది. మరల తడిమినది. "ఇది నా చెయ్యి కాదు" అన్నది.

మేము మాట్లాడలేదు. ఆమె సూదిని దారపు ఉండకు గ్రుచ్చి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయినది. మూడు దినములు ఎవరమూ అల్లలేదు. ఆ మూడు దినములు ఇల్లు ఇల్లుగా లేదు. విప్పరాదని నియమము పెట్టినది మేమే, తప్పినది మేమే. పిల్లల దొన్నెను నవ్వుతూ దాచుకొన్నవారము, పెద్దామె తప్పును మాత్రము దాచిపెట్టబోయాము. ఆమె చేతులకు ఇక పని లేదని అంతకుముందు లోకము చెప్పినది. ఇప్పుడు మేమూ చెప్పినట్లయినది.

నాలుగవ రోజు సాయంకాలము పిల్లల యెదుటనే ఆమెను క్షమాపణ అడిగాము. చాలాసేపటికి ఆమె ఇట్లు అన్నది: "మూల తప్పినదని నాకు అల్లుతుండగానే తెలుసు. వ్రేలికి తెలియదా? అయినా పువ్వు అయినదని సంతోషపడ్డాను."

తరువాత చిన్నవాణ్ణి పిలిచి వాడి కండ్లకు తువ్వాలు కట్టినది. "ఇప్పుడు అల్లు. గుత్తులు కళ్ళతో కాదు, బొటనవ్రేలితో లెక్కపెట్టాలి" అని నేర్పినది. మరునాటి నుండి అందరమూ ఆ విధముగా నేర్చుకొన్నాము. అమ్మ పువ్వులు ఒకటి రెండు వంకరగా వచ్చినా, ఎవరమూ ముట్టలేదు.

పోయిన మూడు దినములు, బంధువుల పెళ్ళికి వెళ్ళిన ఒక దినము తీసివేయగా చివరకు ముప్పదియారు పువ్వులే అయినవి. మేము చిన్నబోయాము. పెద్దపాప కాగితము మీద లెక్క వేసి, "నలభై అయితే ఐదు ఎనిమిదులు, పొడుగ్గా వచ్చేది. ముప్పదియారు అయితే ఆరు ఆరులు, సరిగ్గా చదరమే!" అన్నది.

అతుకుపని అమ్మ చేసినది. మూడు మధ్యాహ్నములు పట్టినది. దొన్నె పువ్వును తడిపి, లాగి, గుండుసూదులు గ్రుచ్చి ఆరబెట్టి ఒక మూలన చేర్చినది. బళ్ళు తెరిచిన సాయంకాలము ఆ గుడ్డను బల్ల మీద పరిచాము. అమ్మ వంగి, బాగున్న కంటితో చూసి, అంచు చుట్టూ చేయి పోనిచ్చి, "అన్నీ కలిస్తే ఇలా ఉంటుందన్నమాట" అన్నది.

ఆ గుడ్డ మీద ముప్పదియైదు పువ్వులకు అల్లినవారి గుర్తు ఉన్నది. ఒక్కదానికి మాత్రము పేరు లేదు. అది మేము రాత్రివేళ అల్లినది. అన్నిటికంటె చక్కగా ఉన్నది కూడా అదే. దానిని తీసివేయమని అడిగితే అమ్మ, "ఉండనివ్వండి, అదీ ఇంటిదే" అన్నది.

చదువరులారా, మీ ఇంటనూ ఏదో ఒక పని తెలిసిన పెద్ద చేతులు ఉండవచ్చును: చాప అల్లే చేతులు, బొంత కుట్టే చేతులు, తాటాకు బుట్టలు చేసే చేతులు. ఖర్చు కొద్దిగా, కాలము దినమునకు ఒక గంట. పిల్లలను వారి ప్రక్కన కూర్చుండబెట్టండి. ఒక్క నియమము మాత్రము మరువకండి: వారు అల్లినది విప్పవద్దు.