నేను విసిరిన రాయి

పిల్లలూ, మీ పెరటి కంచె మీద తల ఆడించే తొండను మీరు చూసే ఉంటారు. దాన్ని చూడగానే రాయి కోసం వెతికే పిల్లలుంటారు. ఒకప్పుడు నేనూ అలాంటివాణ్ణే.

మాది తెనాలి. వేసవి సెలవులు రాగానే రైలెక్కి రేపల్లెలో మా అమ్మమ్మగారింటికి పోయేవాణ్ణి. మెడ ఎర్రబడిన తొండ దూరం నుంచే మన రక్తం పీల్చేస్తుందని అక్కడి పెద్దపిల్లలు చెప్పేవారు. నేను నమ్మాను.

ఒకనాటి మధ్యాహ్నం మల్లెపాదు పక్కన ఒక తొండ కనిపించింది. దాని మెడ ఎర్రగా లేదు. అది నేల మీద ఏదో చేస్తున్నది. నన్ను చూసి కూడా పారిపోలేదు. రాయి విసిరాను. గురి తప్పలేదు. తొండ చచ్చిపోయింది.

గర్వంగా అమ్మమ్మను పిలిచాను. ఆమె వచ్చి, వంగి, వేలితో మన్ను కాస్త తీసి చూపింది. లోపల తెల్లటి గుడ్లు!

"గుడ్లు పెట్టి మన్ను కప్పుకుంటున్నదిరా! అందుకే పారిపోలేదు," అన్నది అమ్మమ్మ. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

"తల్లి లేకపోతే ఈ గుడ్లు ఏమవుతాయి, అమ్మమ్మా?" అని మర్నాడు అడిగాను.

"చూద్దాం," అని ఆమె గుంట చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చింది.

ఇంతలో బడి తెరిచారు. నేను తెనాలి వచ్చేశాను. కొన్నాళ్ళకు రేపల్లె నుంచి కార్డు వచ్చింది. పుల్లల మధ్య మన్ను తెరుచుకుని ఉన్నదట. మల్లెకొమ్మ మీద చిటికెనవేలంత తొండపిల్ల కనపడిందట. ఆ కార్డు ఎన్నిసార్లు చదువుకున్నానో!

పెద్దవాణ్ణయాక బాపట్లలో, 1945లో ఏర్పడిన వ్యవసాయ కళాశాలలో చదివాను. అసలు సంగతులు అప్పుడు తెలిశాయి. తొండ ఎవరి రక్తమూ పీల్చదు. దానికి విషమూ లేదు. చీమలూ, మిడతలూ, పురుగులూ దాని ఆహారం. జతకట్టే కాలంలో మగతొండ మెడ ఎర్రబడుతుంది. మరొక మగతొండను బెదిరించటానికి అది తల ఆడిస్తుంది. ఆడతొండ గుడ్లను మన్నుతో కప్పి వెళ్ళిపోతుంది, పొదగటానికి తిరిగి రాదు. సుమారు ఆరేడు వారాలకు పిల్లలు వాటంతట అవే బయటికి వస్తాయి.

మన తొండకు పడమటి కనుమల వాన అడవులలో ఒక చుట్టం ఉన్నది. దాన్ని ఎగిరే బల్లి అంటారు. పేరుకు బల్లి గాని, అది తొండల కుటుంబానిదే. దాని పక్కటెముకలు పొడవుగా పెరిగి ఉంటాయి. వాటిని చాపితే, మీది చర్మం గొడుగులాగా విచ్చుకుంటుంది. దాని సాయంతో అది చెట్టు మీది నుంచి చెట్టు మీదికి గాలిలో జారుతూ పోతుంది. చెట్ల మీదనే చీమలు తింటూ బతుకుతుంది. కాని ఆడది ఒక్క పనికి మాత్రం నేలకు దిగక తప్పదు. అది కూడా మట్టిలో గుంట చేసి గుడ్లు పెట్టాలి!

పిల్లలూ, ఈసారి నేల మీద తొండ మీ కంట పడితే రాయి తీయకండి. అది ఏం చేస్తున్నదో కాసేపు నిలబడి చూడండి. ఆనాడు నేను చేయవలసిన పని అదే.