ఒక చిలుప నూలు

"ఏ విషయమునైనను దూది నేకినట్లు విమర్శింపవలెను" అని మేము పిల్లలకు ఇరువది యేండ్లుగా చెప్పుచున్నాము. దూదిని మాత్ర మెన్నడును ఏకి యెఱుగము. ఈ లోపమును మా విద్యార్థి యొకడు బయటపెట్టువఱకు అది లోపమని మాకు తోచనే లేదు.

మా యూరు స్టేషన్ ఘన్‌పూర్. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిది. 2016 నుండి జనగామ జిల్లాలో చేరినది. కార్తికమాసము వచ్చెనా, మా చుట్టుపట్ల చేలన్నియు తెల్లబడును. ఏరిన పత్తి వరంగల్లులోని ఎనుమాముల మార్కెట్టునకు పోవును. తిరిగి చొక్కాయై మా యొంటిమీదికి వచ్చువఱకు దాని గతి యేమయ్యెనో పండించిన వానికిని తెలియదు, కట్టుకొనిన వానికిని తెలియదు.

ఒకనాడు తరగతిలో 1937 నాటి వార్ధా విద్యాసభను గూర్చి చెప్పుచుంటిమి. చేతిపనిని ఆధారముగా జేసికొని చదువు చెప్పవలెనని గాంధీ మహాత్ముడు కోరుట, జాకిర్ హుస్సేన్ సంఘము పాఠ్యప్రణాళికను రచించుట, బడి పిల్లలచేత తకిలి పట్టించుట మున్నగునవన్నియు ఆవేశముతో వర్ణించితిమి. వెనుక బల్లమీది రైతుబిడ్డ లేచి, "సారూ, మీరెన్నడన్న వడికిండ్రా?" అని యడిగెను. పిల్లలు నవ్విరి. మేమును నవ్వితిమి గాని ఆ నవ్వు మా గొంతు దిగలేదు.

మరునాడు ఆ బాలుడే తమ చేనినుండి సంచెడు పత్తిని దెచ్చి మా బల్లపై బెట్టెను. ఊరక తెచ్చిన పత్తి కాదది. 1997-98 లో పురుగు పంటను దినగా, అప్పులు రైతును దినగా, మా జిల్లాలో ఎన్ని యిండ్ల దీపము లారెనో అప్పటికి కళాశాలలో నున్న మేము కన్నులార జూచితిమి. 2002 లో బీటీ విత్తనమునకు ప్రభుత్వానుమతి వచ్చినది. నేడు చేలలో కానవచ్చునది దాదాపుగా ఆ సంకర జాతియే. దాని గింజను దాచి మరల నాటినచో తల్లి గుణము నిలువదు గావున ఏటేట విత్తనము కొనవలసినదే. అట్టి పత్తి మాకు గురుదక్షిణగా వచ్చినది, మేమింకను గురుత్వ మార్జింపకమునుపే.

వడకుట యెట్లో చెప్పగలవారు ఊరిలో నెవరని విచారింపగా, డెబ్బది దాటిన యొక యవ్వను చూపిరి. ఆమె తల్లిదండ్రులు ముతక బట్టలు నేసి బ్రతికినవారు. చిన్ననాడు తల్లియొద్ద తకిలి త్రిప్పినదట. వారి వాడ బట్టపై మా నాయనమ్మ నీళ్లు చల్లి మఱి లోనికి దెచ్చెడిదని మేము వినియున్నాము. ఒడలికి తగులు బట్ట పనికివచ్చెను. నేసిన చేయి పనికిరాకపోయెను! ఆ యవ్వ మా బడి మెట్లయొద్ద ఆగిపోయినది. "లోనికి రమ్మవ్వా" అని మేము చేయిపట్టి తీసికొనిపోవలసి వచ్చినది. ఇన్నేండ్ల చదువు చేసిన పని యేమని ఆ మెట్లు మమ్మడిగినట్లయ్యెను.

"గింజ తియ్యకుంటనే వడుకుతరా సారూ?" అని యామె నవ్వి మొదలుపెట్టినది. పలకమీద పత్తి నుంచి ఇనుపకడ్డీని దొర్లించినచో గింజ ముందునకు జారును, దూది వెనుక మిగులును. మూడు పౌనుల పత్తికి దూది యించుమించు ఒక్క పౌనే. పిదప దూదిని ఏకి పొరలుగా జేసి, పుల్లకు చుట్టి, ఏకులు చేయవలెను. శ్రీకాకుళము జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ యెముకతో దూదిని దువ్వి సన్ననూలు వడకుదురని మేము చెప్పగా, "గంత సన్నం మనకేంది, ముందుగాల తెగకుండ చూడుండ్రి" అనినది.

తెగకుండుటయే బ్రహ్మవిద్య. కుడిచేతిలో కదురు తిరుగవలెను, ఎడమచేతిలో ఏకు సాగవలెను. రెండును ఒక్క తూకమున నడువవలెను. పిల్లలకు మూడవనాటికి వచ్చినది, మాకు ఏడవనాటికి. ఆపైన గంటకు నలువది గజములు వడకగలిగితిమి. పది నంబరు నూలనగా పౌనుకు 840 గజముల చిలుపలు పది. అనగా 8,400 గజములు. మా వేగమున నది రెండువందల పది గంటల పని! ఈ లెక్కను పిల్లలు నల్లబల్లపై వేసి, తమ చొక్కాలవంక జూచికొనిరి. ఆనాడు మేము పాఠము చెప్పవలసిన పని లేకపోయెను.

ఫాల్గునమున మోదుగులు పూసినవి. పూలు మఱగించి నూలు ముంచితిమి. కడుగగా రంగంతయు నీటిపాలయ్యెను. అవ్వకు కబురంపితిమి. నూలికి సహజముగా నుండు మైనము పోవునట్లు చౌడునీట నుడికించి, కరక్కాయ నీట నానబెట్టి యెండబెట్టి, పటిక పట్టించిన పిదప గాని పూలరంగు నిలువదని యామె చెప్పినది. అట్లు చేయగా నూలు పసుపుపచ్చగా తేలినది. ఒకచోట చిక్కన, ఒకచోట పలుచన; ఐనను మాది.

బడి వార్షికోత్సవమున అవ్వకు శాలువ కప్పుదుమని మేము గొప్పగా ప్రకటించితిమి. ఆమె మమ్ము ప్రక్కకు బిలిచి మెల్లగా ననినది: "శాలువ నేనేం జేసుకుంట సారూ? పత్తి ఏరే దినాలల్ల ఏడు రోజులొచ్చిన. ఆ కూలి యెవలియ్యలే."

చదువరులారా! కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుని ప్రకరణమును మేము పలుమాఱులు చదివితిమి. వితంతువులకును, వికలాంగులకును నూలుపని యీయవలెననియు, నూలు తెచ్చిన స్త్రీ మొగము జూచిన యధికారికి ప్రథమదండమనియు, కూలి నాలస్యము జేసినవానికి మధ్యమదండమనియు అందున్నది. శ్లోకములను, సూత్రములను అప్పగించు మాకు, నాలుగు నెలలు కూలి యెగవేసినది మేమేయని తోచకపోవుట యేమి వింత! గౌరవమను పేర కూలిని మఱచుట మావంటివారి కలవాటు. వారి పనిని పొగడుదుము, ఆ పనికి వెల గట్టము.

ఆ సాయంత్రమే ఏడు దినముల కూలియు, రంగువేసిన దినముల కూలియు లెక్కగట్టి ఇచ్చితిమి. అవ్వ నోట్లను రెండుమాఱులు లెక్కపెట్టి కొంగున ముడివైచుకొనినది. శాలువ కప్పలేదు.

చేతినూలుతో రైతు ఋణము తీరునని మేము చెప్పజాలము. రెండువందల పది గంటల లెక్క యట్లు చెప్పనీయదు. ఒక్కటి మాత్రము చెప్పగలము. ఆ పచ్చని చిలుప మా తరగతి గోడకు వ్రేలాడుచున్నది. దాని ప్రక్క పిల్లలు ఒక కాగితమంటించిరి. అందు వడకిన గజములు, పట్టిన గంటలు, ఇచ్చిన కూలి, ఇచ్చిన తేదీ వ్రాసియున్నవి. తేదీ యెదుట నొక బాలుడు "ఆలస్యము" అని చేర్చెను. మేము దానిని చెరుపలేదు.