మేడమీది కోడలు

షార్లెట్ బ్రాంటీ 1847లో రాసిన ‘జేన్ ఐర్’ను మేం బి.ఏ. రోజుల్లో ఆవురావురుమంటూ చదివాం. అనాథపిల్ల జేన్, డబ్బున్న రాచెస్టర్, వాళ్ల ప్రేమ! మేడమీద గదిలో తాళంవేసి ఉంచిన అతని మొదటి భార్య బెర్తా మాకు అడ్డు మాత్రమే. నవ్వూ, అరుపూ తప్ప ఆమె నోటి మాట నేరుగా ఒక్కటీ వినబడదు.

మొన్న వడమాలపేటలో మా పక్కింటి అత్తకు ఈ కథ చెబితే ప్రేమ సంగతే ఎత్తలేదు. ‘‘ఆ పిచ్చిదానికి పుట్టింటోళ్లు ఏమిచ్చినారమ్మీ?’’ అంది. ముప్పయి వేల పౌన్లు! ఇంగ్లండులో 1870, 1882 చట్టాలు వచ్చేదాకా పెళ్లయితే భార్య డబ్బు మొగుడిదే. ‘‘అదీ కత! దుడ్డు తీసుకొని దాన్ని మూలేసినాడు’’ అని తేల్చేసింది.

కరీబియన్ దీవుల్లో పుట్టిన జీన్ రీస్‌కూ అదే కడుపుమంట కాబోలు. 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ రాసి, ఆ పిల్లకు బాల్యాన్నీ, భయాన్నీ, నోటినీ ఇచ్చింది. అసలు పేరు ఆంట్వానెట్. బెర్తా అన్నది మొగుడు పెట్టిన పేరట! (మన కొత్తకోడళ్లకూ కొన్ని ఇళ్లలో ఈ ముచ్చట జరిగేది.) మన ఓల్గా ‘విముక్త’లో శూర్పణఖకు నోరిచ్చిందీ ఇలాగే.

పాత నవలలను పాడుచేస్తున్నారని కొందరు పెద్దలకు కోపం. నాకైతే జేన్ మీద ప్రేమేమీ తగ్గలేదు. కాని మేడమీద నవ్వు వినబడే పుటను ఇప్పుడు గబుక్కున తిప్పబుద్ధి కాదు.