మా దొడ్డికి మాసీయే దిక్కు

మా ఎనుముల దొడ్డి నడిచేది పాత మాసీ 1035 ట్రాక్టర్ మీదే. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజన్. కంప్యూటర్ పెట్టి చూడాల్సిన భాగం ఒక్కటీ లేదు. సామాను తాడిపత్రిలో దొరుకుతుంది, విప్పి బిగించడానికి యాడికిలో ఉన్న మెకానిక్ చాలు.

అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. అందుకే మా ట్రాక్టర్‌కు సేద్యం కన్నా మోత పనే ఎక్కువ. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్, దిబ్బెరువు. శెనక్కాయ కొట్టినాక శెనక్కట్టె. మా పక్క పశువులకు ఆ కట్టే ప్రాణం. వాన ఎగ్గొట్టిన ఏడు కాయ రాకపోయినా కట్టె వస్తే చాలు, ఎనుములను సంతకు తోలే గతి తప్పుతుంది. ట్రాలీ మీద కట్టె ఎత్తుగా వేసి తాళ్లు బిగించినాక తొందర పనికిరాదు, చిన్న గేర్లో నిదానంగా రావాల్సిందే.

ఈ ట్రాక్టర్‌కు అసలు శత్రువు మా ఎర్రదుమ్ము. ఎయిర్ క్లీనర్ గిన్నెలో నూనె బురదైతే దుమ్ము లోపలికి పోయి పిస్టన్లు, లైనర్లు అరిగిపోతాయి. ఆ గిన్నె చూడందే నాయన తాళం ఇయ్యడు. ఆ పట్టుదల వల్లే ఈ బండి ఇంకా బతికుంది.

పాతదైందని ఇనుము కింద తూకానికి వేయాలనుకునే అన్నలారా, ముందు ఆ గిన్నె కడిగి కొత్త నూనె పోయండి, డీజిల్ ఫిల్టర్ మార్చండి. ఆ తర్వాతే బేరం మాట్లాడండి.