కోటు జేబులో ఉత్తరం

అమెరికాలో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు మనవాళ్లు చూసొచ్చేవి దాదాపు ఒకటే... నయాగరా జలపాతం, స్వేచ్ఛా ప్రతిమ, డిస్నీలాండ్. ఎవరి ప్రయాణమైనా అయోవా రాష్ట్రం వైపు సాగితే మాత్రం ఏమ్స్ అనే చిన్న ఊళ్లో తప్పక ఆగాలి. అక్కడి గ్రంథాలయంలో ఓ ఉత్తరం ఉంది. రాసింది ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు. ఎవరికి రాశాడో తెలుసా? తనకు తానే!

రాష్ట్ర రాజధాని డెమోయిన్ నుంచి ఉత్తరంగా యాభై కిలోమీటర్లు వెళ్తే ఏమ్స్ వస్తుంది. దారి పొడవునా రెండు పక్కలా మొక్కజొన్న చేలే. కనుచూపుమేరలో కొండన్నది కనిపించదు. 1858లో మొదలైన అయోవా స్టేట్ యూనివర్సిటీయే ఆ ఊరికి ప్రాణం. వ్యవసాయ విద్యకు పెట్టింది పేరు. వేరుశనగ సాగుకు ప్రచారం కల్పించి పేద రైతుల్ని ఆదుకున్న నల్లజాతి శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ డిగ్రీ పుచ్చుకున్నది ఇక్కడే, 1894లో.

ప్రాంగణం నడుమ పచ్చిక మైదానం, అందులో ఎత్తైన గంటల గోపురం. చెరువులో హంసలు. అవన్నీ చూశాక పార్క్స్ లైబ్రరీ నాలుగో అంతస్తుకి వెళ్లాలి. చారిత్రక పత్రాలను భద్రపరిచే విభాగం అక్కడుంది. సంచులు బయటే పెట్టాలి. పెన్ను పనికిరాదు, పెన్సిల్‌తోనే రాసుకోవాలి. జాక్ ట్రైస్ పత్రాలు ఉన్నది ఇక్కడే. సేకరణ పెద్దదేం కాదు. ఉత్తరాలు, ఫొటోలు, పత్రికల కత్తిరింపులు... అంతే. కానీ ఒక్కో కాగితం వెనకా ఒక్కో కథ.

రైతుల కోసం చదువు

జాక్ 1902లో ఒహాయో రాష్ట్రంలోని హైరమ్ అనే పల్లెలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి ఆనా ఒక్కగానొక్క కొడుకుని పెద్ద చదువుల కోసం క్లీవ్‌లాండ్‌లోని బంధువుల ఇంటికి పంపింది. అక్కడి హైస్కూల్లో అతను ఫుట్‌బాల్‌లో మెరిశాడు.

ఫుట్‌బాల్ అంటే మనమనుకునే కాలిబంతి కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చిన వాళ్లని తోసుకుంటూ అవతలి గీత దాకా పరిగెత్తే అమెరికన్ ఆట అది. కండబలంతో ఢీకొట్టాల్సిందే. ఇప్పటి ఆటగాళ్లకున్న గట్టి హెల్మెట్లు, కవచాలు అప్పట్లో లేవు.

1922లో స్కూలు కోచ్ శామ్ విల్లమన్‌కి ఏమ్స్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఆయన వెంటే కొందరు శిష్యులూ వచ్చారు. వాళ్లలో జాక్ ఒకడు. ఆ కాలేజీ తరఫున ఆడిన మొట్టమొదటి నల్లజాతి క్రీడాకారుడు అతనే. చదువు పశుపోషణ శాస్త్రం. దక్షిణాది రాష్ట్రాలకు వెళ్లి నల్లజాతి రైతులకు తన చదువుతో సాయపడాలన్నది కల. ఖర్చుల కోసం వ్యాయామశాలలో ఊడ్చి తుడిచే పని చేసేవాడు. నిబంధనల ప్రకారం మొదటి ఏడాది విద్యార్థులకు ప్రధాన జట్టులో చోటుండదు. రెండో ఏడాది వచ్చేసరికి జట్టులో చేరాడు. అంతకు కాస్త ముందే, 1923 వేసవిలో కోరా మేతో పెళ్లయింది.

ఆ రాత్రి... ఆ మర్నాడు

1923 అక్టోబరు 5. మర్నాడు మినియాపొలిస్‌లో మిన్నెసోటా యూనివర్సిటీతో మ్యాచ్. కొన్ని కాలేజీలు నల్లజాతి ఆటగాడు బరిలో ఉంటే ఆడబోమని మొండికేసే రోజులవి. ఆ రాత్రి జాక్ హోటల్ గదిలో కూర్చుని, హోటల్ వాళ్ల కాగితం మీదే నాలుగు మాటలు రాసుకున్నాడు. తన జాతి గౌరవం, కుటుంబ గౌరవం, తన గౌరవం రేపటి ఆటలో పణంగా ఉన్నాయన్నాడు. అందరూ తన మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారనీ, వాటిని నిలబెడతాననీ, ఒళ్లూ మనసూ మైదానంలో ఒడ్డేస్తాననీ రాశాడు. ఆ తర్వాత పరీక్షకు ముందు చిట్టీలా ఆట జాగ్రత్తలు... వంగి పోరాడు, కళ్లు తెరిచి ఉంచు, క్షణం కూడా ఏమరుపాటు వద్దు అని. కింద సంతకం. మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆట మొదట్లోనే మెడ కింది ఎముక విరిగింది. అయినా తప్పుకోలేదు. మూడో భాగంలో ఎదుటి జట్టు దూకుడుని ఆపబోయి కిందపడ్డాడు. పైనుంచి ఎంతోమంది తొక్కుకుంటూ పోయారు. కావాలనే చేశారా, ఆటలో జరిగిన ప్రమాదమా... వందేళ్లుగా తెగని వాదన అది. మ్యాచ్ 20-17తో చేజారింది. అక్కడి ఆసుపత్రిలో పరీక్షించి, ప్రయాణం చేయొచ్చన్నారు. మూడొందల కిలోమీటర్లకు పైగా దూరం, రైల్లో గడ్డి పరుపు మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు.

అక్టోబరు 8 మధ్యాహ్నం. భార్య పక్కకొచ్చి ప్రేమగా పలకరించింది. అతను చూశాడు, మాట్లాడలేకపోయాడు. గోపురం గంట మూడు కొట్టడం వినిపించింది, అతను వెళ్లిపోయాడు... కోరా మే 1988లో, అంటే అరవై అయిదేళ్ల తర్వాత యూనివర్సిటీకి రాసిన ఉత్తరంలో గుర్తుచేసుకున్న సంగతులివి. పెళ్లయి నిండా ఏడాది కూడా కాలేదు!

జేబులోని కాగితం బయటపడింది అప్పుడే. మర్నాడు మైదానంలో వేలమంది చేరారు. శవపేటిక మీద కాలేజీ రంగుల వస్త్రం కప్పారు. కాలేజీ అధ్యక్షుడు ఆ ఉత్తరాన్ని అందరికీ చదివి వినిపించారు.

తల్లి కూడా ఆ అధ్యక్షుడికి ఓ ఉత్తరం రాసింది. ఏమ్స్‌కు వచ్చే నల్లజాతి విద్యార్థులకు తన బిడ్డ జీవితం స్ఫూర్తినిస్తే అతను వృథాగా పోలేదనుకుంటానంది. ఆ వెంటనే... మీరిచ్చిన గౌరవానికి గర్వంగానే ఉంది గానీ నాకున్నదల్లా వాడొక్కడే, ముసలిదాన్ని, ఒంటరిదాన్ని అని చెప్పుకుంది. స్టేడియాలు కట్టినా శిలాఫలకాలు వేసినా తల్లికి బదులు చెప్పేదెవరు?

దుమ్ము కింద పేరు

1924లో వ్యాయామశాలలో ఓ కంచు ఫలకం పెట్టారు, ఆ ఉత్తరంలోని మాటలతో. తర్వాత అందరూ మర్చిపోయారు. 1957లో ఓ విద్యార్థి కంటపడేసరికి దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. అతను రాసిన వ్యాసంతో జాక్ పేరు మళ్లీ వినిపించింది. 1973లో కొందరు విద్యార్థులు పాత పత్రాలు తిరగేసి, కొత్త స్టేడియానికి జాక్ పేరే పెట్టాలని పట్టుబట్టారు. 1975లో స్టేడియం తెరిచారు, ఆ పేరు పెట్టలేదు. 1984లో మైదానానికి మాత్రం పెట్టి సరిపుచ్చారు. విద్యార్థులు వదల్లేదు. ఒక తరం చదువు ముగించి వెళ్లిపోతే తర్వాతి తరం అందుకుంది. 1988లో విద్యార్థి సంఘం పూనికతో విగ్రహం వెలిసింది. చివరికి 1997లో అది జాక్ ట్రైస్ స్టేడియం అయింది. అగ్రశ్రేణి కాలేజీ ఫుట్‌బాల్‌లో ఓ నల్లజాతీయుడి పేరు పెట్టుకున్న మొదటి స్టేడియం అదే. 2023లో, మరణించి వందేళ్లయిన సందర్భంగా, అతను పూర్తి చేయలేకపోయిన పశుపోషణ శాస్త్రం డిగ్రీని కూడా ప్రకటించారు.

అక్కడికి వెళ్లడానికి సెప్టెంబరు, అక్టోబరు మంచి కాలం. చేలు పండి బంగారు రంగులో ఉంటాయి. శనివారం మ్యాచ్ ఉంటే అరవై వేలమంది కేకలతో ఊరు దద్దరిల్లుతుంది. ఆ హోరు చూసేముందు ఓసారి లైబ్రరీకి వెళ్లండి. దూరంగా ఉన్నవారికి ఉత్తరం ప్రతి ఆన్‌లైన్‌లోనూ ఉంది. బయటికొచ్చి పచ్చికలో కాసేపు కూర్చోండి. గోపురం గంట మూడు కొడితే, కొలువుల కోసం కాకుండా ఊరి రైతుల కోసం చదువుకుందామనుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. చేతనైతే పక్కన కూర్చున్న మీ పిల్లలకూ ఆ కథ చెప్పండి.