పులిహోర మీద నింద

నవంబర్ 17, 2025, సోమవారం

తెల్లవారుజామున మూడింటికి మొదలైంది. తెల్లారేలోగా ఐదు వాంతులు. విరేచనాల లెక్క తప్పింది. ఆఖరి కార్తీక సోమవారం ఉపవాసం దానంతటదే కుదిరింది.

నిన్న భీమిలి వైపు జీడితోటలో మా స్టీల్ ప్లాంట్ పాత సెక్షన్ వాళ్ల వనభోజనాలు. పులిహోర రెండుసార్లు వేయించుకున్నాను. ఇంకేం, ఫుడ్ పాయిజనే. లేవలేకపోయినా వంటాయనకి ఫోన్ చేసి దులిపేశాను. బాకీ ఎనిమిది వందలూ ఇవ్వనన్నాను. "నలభై మంది తిన్నారు బాబూ, మీ ఒక్కరికే అయిందేటి?" అన్నాడు. పెట్టేశాను.

నవంబర్ 18, మంగళవారం

కూర్మన్నపాలెంలో డాక్టరమ్మ దగ్గరికి. ఏం తిన్నావని కాదు, ఎన్నింటికి తిన్నావు, ఎన్నింటికి మొదలైందని అడిగింది. ఒంటిగంటకి తిన్నాను, పద్నాలుగు గంటల తర్వాత వాంతి. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా అందులో విషం వదులుతుందట. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. కానీ అది వాంతి చేయిస్తే గంట నుంచి ఆరు గంటల్లోపే. సాల్మొనెల్లాకి రెండు మూడు రోజులైనా పట్టొచ్చు కాబట్టి గడియారం ఒక్కదాన్నే నమ్మకూడదంది.

"తిన్నవాళ్లలో ఇంకెవరికైనా అయిందా?" లేదు. "ఇంట్లో?"

అప్పుడు గుర్తొచ్చింది. శనివారం రాత్రి మనవడు పక్క మీదే కక్కుకుంటే ఎత్తిపోసింది నేనే. వాడి క్లాసులో చాలామంది బడికి రావడం లేదట. నోరోవైరస్ అయి ఉండొచ్చంది. అది ఒంట్లో చేరాక 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది. స్టమక్ ఫ్లూ అనేది దీన్నే. మామూలు ఫ్లూకీ దీనికీ సంబంధం లేదు.

"ఓ సెలైన్ పెట్టండమ్మా, యాంటీబయాటిక్ కూడా" అన్నాను. నవ్వింది. వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదు, కడుపులో నీళ్లు నిలుస్తుంటే సెలైన్ అక్కర్లేదు. లీటరు నీళ్లలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి గుక్కగుక్కగా తాగాలి. కక్కితే పది నిమిషాలాగి మళ్లీ. విరేచనంలో రక్తం పడినా, ఏడెనిమిది గంటలు మూత్రం రాకపోయినా, జ్వరం తగ్గకపోయినా, నిలబడితే కళ్లు తిరిగినా ఆసుపత్రికి. మనవడికి మాత్రం 14 రోజులు జింక్ రాసింది.

మందుల షాపులో ముందు తీపి డ్రింకు డబ్బా అందించాడు. అలాంటి వాటి మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని పోయిన నెలలోనే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన ఆదేశం. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. పొడి ప్యాకెట్లే అడిగి తెచ్చుకున్నాను. 1971లో బంగ్లా శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకి తాగించింది ఇలాంటి ఉప్పు, గ్లూకోజు నీళ్లే.

సాయంత్రానికి ఓపికొచ్చింది. నేనే టీ పెట్టి మా ఆవిడకీ ఇచ్చాను.

నవంబర్ 20, గురువారం

రాత్రి నుంచి ఆవిడకి వాంతులు. వనభోజనాలకే రాలేదు, మనవడి దగ్గర ఉండిపోయింది. తగ్గాక కూడా రెండు రోజులు వంటింటి గడప తొక్కొద్దని డాక్టరమ్మ ఫోన్‌లో చీవాట్లు పెట్టింది. చేతులకి శానిటైజర్ రాసుకున్నానన్నాను. దీనికది చాలదట, సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. మనవడు కక్కిన చోటు బ్లీచింగ్ నీళ్లతో తుడిచాను.

వంటాయనకి ఫోన్ చేసి తప్పు నాదేనన్నాను. ఎనిమిది వందలూ పంపేశాను.