షుగర్ పిల్లగాడు, నెయ్యి హలీం

అన్నలారా, షుగర్ అనంగనే మనం అన్నం తగ్గిస్తం, నెయ్యి బంద్ పెడ్తం. మా మేనల్లుని షుగర్‌కు ఆ లెక్క నడవదు. వానికి 14 ఏండ్లు, పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్. చిక్కటి జిగురు క్లోమం కాలువల్ని మూసేస్తది, పూడిక పడ్డ పంటకాల్వ లెక్క. తిన్న కొవ్వు అరగదు, పోను పోను ఇన్సులిన్ కూడా తక్కువైతది. కడుపు మాడిస్తే బరువు తగ్గుతది, ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. అందుకే డాక్టర్లు తిండి కోయరు, తినే పిండిపదార్థం లెక్కకు ఇన్సులిన్ ఇస్తరు. చెమటల ఉప్పు బాగా పోతది కాబట్టి ఉప్పు కూడా మనకంటే ఎక్కువే కావాలె.

రంజాన్ల చార్మినార్ కాడ వాడు సూది వేసుకొని, ఎంజైమ్ గోలీ మింగి, నెయ్యి తేలే హలీం తింటుంటే పక్కాయన "షుగర్ పోరనికి ఇదేం తిండి" అని కసిరిండు. గోధుమ, మాంసం, నెయ్యి... వానికి కావాల్సిందే అది!

దసరాకు వాడు ఊరికొస్తుండు. ఎవ్వరూ వాని కంచం గుంజుకోకుండ్రి.